తొక్కులో గోలీ

గిద్యోను చేతికి బ్యాండు కట్టుకొని ఇంటికి వచ్చిన రోజు ధనమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. పెళ్ళికి మామగారు పెట్టిన గడియారాన్ని నెల తిరగకుండానే బావిలో పారేసుకున్న మనిషి ఆయన. యాభై దాటాక ముంజేతికి నల్ల పట్టీ కట్టుకొని, మాటిమాటికీ చెయ్యెత్తి చూసుకుంటుంటే నవ్వు రాకుండా ఎట్లా ఉంటుంది?

"నవ్వకే. నా గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో ఇండ్ల కనపడ్తది," అన్నాడు గిద్యోను.

"గుండె ఉన్నదా నీకు? ఇన్నేండ్ల సంది నాకైతే కనపడలే," అంది ధనమ్మ.

ఆ బ్యాండు పరిశోధనవాళ్ళది; గుండె సరిగ్గా కొట్టుకుంటుంటే దాని మీద పచ్చ దీపం వెలుగుతుంది. నలభైకీ అరవైకీ మధ్య ఉన్నవాళ్ళ ఆరోగ్యం చూడడానికి పట్నం నుంచి ఒక సంస్థ వచ్చి మొయినాబాదులో రెండు గదులు అద్దెకు తీసుకుంది. పసిపిల్లలకు టీకాలున్నాయి, ముసలివాళ్ళను చూస్తే అందరికీ జాలి ఉంటుంది, నడివయసు వాళ్ళను మాత్రం ఎవరూ పట్టించుకోరు, వాళ్ళను వాళ్ళు అసలే పట్టించుకోరు అని డాక్టరు అరుణకుమారి మొదటి మీటింగులోనే చెప్పింది. ఆమెది కోస్తా, ఉండేది గండిపేటలో. మాటకు ముందు ఒక 'అండీ', వెనక ఒక 'అండీ' పెట్టి మాట్లాడుతుంది. ఆమె చెప్పినట్టు గిద్యోను వాళ్ళ ఊరు సురంగల్‌లో నడిచేవాళ్ళ జట్టు ఒకటి తయారైంది. పొద్దున్నే రోడ్డు వెంట అందరూ చేతులు ఊపుకుంటూ నడుస్తుంటే, పొలాలకు పోయే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఏ పనీ లేకుండా ఊరికే నడవడమేమిటని వాళ్ళకు అర్థం కాలేదు.

గిద్యోను చేవెళ్ళ నుంచి గండిపేట దాకా కాలేజీ బస్సు నడుపుతాడు. ఏనాడూ దవాఖాన మెట్టెక్కినవాడు కాదు. ఆయనకు బీపీ ఉందని ఆ క్యాంపులోనే బయటపడింది. అరుణకుమారి ఒకసారి చూసి, నమ్మక ఇంకోసారి చూసి, కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి మళ్ళీ చూసింది. "ఇంత బీపీతో అంతమంది పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారా అండీ?" అని నెత్తి కొట్టుకుంది. రోజుకొకటి వేసుకొమ్మని ఊళ్ళోని సబ్‌సెంటరులో బీపీ గోలీలు ఇచ్చారు. గిద్యోను తండ్రి దాదాపు ఇదే వయసులో పొలం గట్టు మీద ఉన్నపాటున పడిపోయి మళ్ళీ లేవలేదు. ఆ సంగతి గిద్యోను మరిచిపోయినా ధనమ్మ మరిచిపోలేదు. దగ్గర నిలబడి మరీ గోలీ మింగించేది.

నడక సాగింది, ఉప్పు తగ్గింది, పొట్ట కొంచెం కరిగింది. కొన్ని నెలలకు క్యాంపులో బీపీ మామూలుకు వచ్చింది. అరుణకుమారి సంతోషంతో చప్పట్లు కొట్టింది. గిద్యోను ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మోకాళ్ళ మీద పడి చాలాసేపు ప్రార్థన చేసుకున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరు నతానియేలు, "సాక్ష్యం చెప్పేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడిగినప్పుడు గిద్యోను లేచి నిలబడ్డాడు. పదిమందిలో నోరు విప్పని మనిషి. తన తండ్రిని తీసుకుపోయిన జబ్బు తనకూ వచ్చిందని, దేవుడు తనను ముట్టి బాగుచేశాడని చెప్పాడు. చర్చి అంతా హల్లెలూయ అన్నది. ఆయన చెల్లెలు కృప వెక్కి వెక్కి ఏడ్చింది. ధనమ్మ కూడా ఏడ్చింది. అప్పటికి ఆమెకు ఏ అనుమానమూ లేదు.

ఇంటికి వచ్చాక ఆయన గోలీల పట్టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి సబ్‌సెంటర్ల వాపస్ ఇచ్చేయ్."

"ఎందుకు?"

"బాగైందని చెప్పిన గద. చెప్పిన నోట్లనే మల్ల గోలీ ఏసుకుంటే ఏమన్నట్టు? సంఘం ముంగట దేవుని పేరు మీద అబద్ధం ఆడినట్టు కాదా?"

ధనమ్మ బతిమాలింది, కోప్పడింది, మామగారి చావు గుర్తు చేసింది. గోలీ కూడా దేవుడిచ్చిందే కదా అని చూసింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు తేలికగా ఉండేది. "నీకు నమ్మిక లేదా ధనమ్మా?" అని చిన్నబోయిన ముఖంతో అడిగాడు. ఆ ముఖం చూడలేక ఆమె నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్న ఆమె చిన్న రోలు ముందేసుకుంది. ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, చింతపండు వేసి దంచింది. తనకు తీసి పక్కన పెట్టుకున్నాక, అడుగున మిగిలిన ముద్దలో గోలీ వేసి మెత్తగా నూరింది. జొన్నరొట్టె మీద ఆ తొక్కు రాసి గిద్యోనుకు పెట్టింది. ఆయన తిని, "ఇయ్యాల తొక్కు మంచిగున్నది," అన్నాడు. ధనమ్మ గబగబా రోలు కడిగేసింది.

అది రోజూ జరిగింది. సబ్‌సెంటరుకు పోయి ఆయన పేరు మీద గోలీలు ఆమే తెచ్చుకునేది. ఆడవాళ్ళు ఏదైనా దాచుకునే కుంకుమభరిణె ఆ క్రైస్తవుల ఇంట్లో ఉండదు కాబట్టి, బియ్యం డబ్బా అడుగున దాచేది. పొద్దున నడకకు పోయి వచ్చి గడప మీద బూట్లు విప్పుకుంటూ గిద్యోను రోలు చప్పుడు వినేవాడు. "నీ రోలు మోగింది. నాకు ఆకలైంది," అనేవాడు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. కట్టుకున్నవాణ్ణి ఇంత చక్కగా మోసం చేయగలనని ధనమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఆయన బతికి ఉండాలన్న ఆశ తప్ప ఆమెకు వేరే ఏమీ లేదు.

గోలీలు మానేశానని గిద్యోను అరుణకుమారికి దాచకుండా చెప్పాడు. ఆమె అదిరిపడింది. "అలా ఆపకూడదండీ!" అని అప్పటికప్పుడు బీపీ చూసింది. మామూలుగానే ఉంది. వారం వారం రమ్మని చూసింది. ఎప్పుడు చూసినా మామూలే. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడిచేవాళ్ళలో కొందరికి గోలీల అవసరం తప్పుతుందని ఆమె చదివింది. ఆ కొందరిలో ఈయనొకడు అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు.

చేవెళ్ళలో పెద్ద మీటింగు పెట్టినప్పుడు గిద్యోనును స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. నడక మహిమ గురించి అరుణకుమారి చెప్పింది. మైకు చేతికివ్వగానే గిద్యోను దేవుని మహిమ గురించి చెప్పాడు. ఇద్దరికీ జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కూర్చున్న ధనమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకుంది. పక్కనున్నామె, "మీ ఆయనను చూసి ఏడుపొస్తున్నదా?" అని అడిగితే అవునని తలూపింది.

ఇంతలో కూతురు షారోన్‌కు నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కానీ, ప్రయాణం వద్దని డాక్టరు చెప్పడంతో ధనమ్మే జహీరాబాదులో ఉన్న బిడ్డ దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆ కబురు వచ్చిన నాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. తొక్కు ఎవరు నూరాలి?

పక్కిల్లే కృపది. ధనమ్మ లేనన్నాళ్ళూ అన్నకు తిండి పెట్టేది ఆమే. గోలీల పట్టీ కొంగున ముడేసుకొని ధనమ్మ ఆమె వాకిట్లోకి పోయింది. కృప కూరగాయలు తరుగుతోంది. ఆమె మొగుడు ఆనంద్ బాబు అరుగు మీద కూర్చొని సైకిలు బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు ఈ వేళకు ఆ మనిషి ఏ కల్లు దుకాణంలోనో ఉండేవాడు.

"వదినా, ఒక్క మాట జెప్పనా?" కృప గొంతు తగ్గించింది. "మా ఆయన తాగుడు ఇడిచిపెట్టి ఇన్ని నెలలాయె. మొన్న అడిగిన, ఎట్ల ఇడిచినవని. ఏమన్నడో తెలుసా? మీ అన్న సాక్ష్యం ఇన్న దినం సంది తాగబుద్ధి అయితలేదన్నడు. అన్నకు చేసిన దేవుడు నాకు చెయ్యడా అన్నడు." చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఫికర్ జెయ్యకు. అన్నను నేను జూసుకుంట."

కొంగు ముడి మీద ధనమ్మ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే ఒక్క ఇల్లు కాదు, రెండు ఇళ్ళు కూలుతాయి. కొన్నాళ్ళే కదా, ఆ కొన్నాళ్ళకు ఏమవుతుంది, నడక ఉండనే ఉంది కదా అని తనకు తానే చెప్పుకుంది. "మంచిగ జూసుకో," అని మాత్రం అని తిరిగి వచ్చింది.

బస్టాండులో గిద్యోను ఆమె సంచి బస్సులో పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆయనకు ఆ రోజు మహా హుషారుగా ఉంది.

"పేరు నేనే పెడ్త, ఇను. మనసుల అనుకున్న. కొడుకైతే ఒకటి, బిడ్డైతే ఒకటి."

"ఏంది పేరు?"

"చెప్ప. ముందుగాల పసిదాని చెవిల జెప్త. ఆ తర్వాతనే మీకు."

"నాకు గూడ చెప్పవా?"

"నీకు అసలే చెప్ప. నీ కడుపుల మాట దాగదు."

బస్సు కదిలింది. ధనమ్మ నవ్వలేదు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపుతుంటే, ఊపుతున్న చేతికి బ్యాండు కనపడింది.

జహీరాబాదు నుంచి రోజూ ఫోను చేసి, తలనొప్పి ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగేది. "బ్యాండు పచ్చగనే ఉన్నది. నువ్వు బిడ్డను సూడు," అనేవాడు. ఆడపిల్ల పుట్టింది. ఫోనులో పసిదాని ఏడుపు విని గిద్యోను చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. ఆదివారం ఆరాధన కాగానే వస్తానని, తాను వచ్చేదాకా ఎవరూ ఏ పేరూ పెట్టొద్దని గట్టిగా చెప్పాడు.

శనివారం పొద్దున్న రోడ్డు మీద, నడిచే జట్టు మధ్యలో, గిద్యోను కుడికాలు ఈడ్చి పడిపోయాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు నడిచేవాడు ఆయనే. ఆనంద్ బాబు ఒళ్ళో తల పెట్టుకొని పిలుస్తుంటే మూతి ఒక పక్కకు పోయింది. చేతికున్న బ్యాండు మాత్రం పచ్చగానే వెలుగుతోంది. గుండె మంచిగానే కొట్టుకుంటోంది మరి. తెగింది తలలోని నరం.

ధనమ్మ పట్నంలో దవాఖానకు వచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది తెలుస్తుంది కానీ తాను చెప్పడానికి మాట దొరకదని, మాటతోపాటు రాత కూడా పోయిందని అక్కడి డాక్టరు వాళ్ళను బయటికి పిలిచి చెప్పాడు. ఎప్పటి నుంచి గోలీలు వేసుకోవడం లేదని అడిగాడు. కృప నెలల లెక్క చెప్పబోతుంటే ధనమ్మ ఆపింది. "కాదు. నేను జహీరాబాదు పోయిన దినం సంది," అంది. తెలియని డాక్టరు ముందు ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమైంది. కృప గిరుక్కున ఆమె వైపు తిరిగింది.

నతానియేలు అయ్యగారు వచ్చి, నూనె రాసి ప్రార్థన చేశాడు. తరువాత ధనమ్మనూ కృపనూ కిందికి తీసుకుపోయి టీ ఇప్పించాడు. తాను టీ ముట్టకముందు జేబులోంచి చిన్న డబ్బీ తీసి, ఒక గోలీ నోట్లో వేసుకొని నీళ్ళు తాగాడు.

ధనమ్మ ఆ డబ్బీని చూస్తూ ఉండిపోయింది.

"అయ్యగారూ, మీరు గోలీలు ఏసుకుంటరా?"

"బీపీకి అమ్మా. షుగరుకు గూడ ఉన్నయి. పదేండ్ల సంది ఏసుకుంటున్న. ప్రార్థన జేసుకొని ఏసుకుంట."

"మరి ఎన్నడు చెప్పకపోతిరి?"

"ఎవరు అడగలే గదమ్మా," అన్నాడు ఆయన. అప్పుడు ఆమె జరిగినదంతా చెప్పింది. పాస్టరు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. గిద్యోను ఒక్కసారి తన దగ్గరికి వచ్చి ఉంటే, ధనమ్మ ఒక్కసారి వచ్చి ఉంటే, తానే వేదిక మీద ఒక్కసారి ఆ డబ్బీ తీసి చూపించి ఉంటే అని ఆయన అనుకుంటున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.  కృప, "ఆ దినం మా ఇంటికి అందుకే వచ్చినవా వదినా?" అని అడిగింది. ధనమ్మ తలూపింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు.

అరుణకుమారి కూడా వచ్చింది. వరండాలోనే ఆమెకు కూడా ధనమ్మ చెప్పింది. "నాకైనా చెప్పాల్సిందండీ," అని కుర్చీ లాక్కొని కూర్చుంది. "స్టేజీ ఎక్కించి శాలువా కప్పింది నేనే కదండీ. ఇంట్లోవాళ్ళను ఒక్కసారి పక్కకు పిలిచి అడిగి ఉండాల్సింది," అంది. పోతూ పోతూ గిద్యోను చేతికున్న బ్యాండు తనే విప్పి తీసుకుపోయింది.

కొన్నాళ్ళకు గిద్యోనును సురంగల్‌కు తెచ్చారు. ఆనంద్ బాబు పొద్దూ మాపూ వచ్చి ఆయనను ఎత్తి కూర్చోబెట్టి, స్నానం చేయిస్తున్నాడు. అందరూ భయపడినట్టు ఆ మనిషి మళ్ళీ తాగలేదు. గిద్యోనుకు గొంతు దిగడం కష్టంగా ఉంది కాబట్టి ఏ మందైనా నూరి మజ్జిగలో కలిపి పట్టమని నర్సు చెప్పింది.

ఇంటికి వచ్చిన మొదటి పొద్దు, ధనమ్మ వంటింటి గడప దగ్గర రోలు ముందేసుకొని గోలీ వేసింది. నూరడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, మంచం మీది గిద్యోను తల తిప్పాడు. ఆ చప్పుడు ఆయనకు తెలిసిన చప్పుడు. ముందు ఆకలైనవాడిలా ముఖం విప్పారింది. తరువాత ఆయన చూపు రోలు మీదికి పోయింది. మిర్చి లేదు, ఎల్లిగడ్డ లేదు. తెల్లటి పొడి. ఆ పొడిని గోరుతో అంచుల నుంచి కూడా గీకి తీస్తున్న ధనమ్మ చేతి వాలకం చూశాడు. అది ఒక్కరోజులో వచ్చిన వాలకం కాదు.

ఆమె తలెత్తి చూసేసరికి ఆయనకు అంతా తెలిసిపోయింది.

"అవును," అంది ధనమ్మ. ఇంకేమని దాస్తుంది? "నువ్వు ఇడిచిపెట్టిన తెల్లారి సందే. నేను జహీరాబాదు పోయేదాక. చెప్తే నువ్వు తినకపోదువు."

గిద్యోను కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల వెనక్కి కారాయి. దేవుడు తనను ముట్టాడనుకొని ఎన్ని పొద్దులు పరవశంగా నడిచాడో ఆ మనిషి! కాలూ చెయ్యీ పడిపోయిన రోజున కూడా ఆ నమ్మకం మిగిలే ఉంది. ఇప్పుడు అదీ పోయింది. దాన్ని లాక్కున్నది తానే అని ధనమ్మకు తెలుసు. మజ్జిగ గ్లాసు పెదవుల దాకా తెస్తే ఆయన నోరు బిగించాడు. కృప వచ్చి బతిమాలింది. మధ్యాహ్నం నతానియేలు వచ్చి, ఆయన ఎదుటే తన డబ్బీలో గోలీ తీసి, "అన్నా, ఇది నాది. దేవుడు నన్ను ఇడిచిపెట్టలే," అని మింగి చూపించాడు. గిద్యోను నోరు తెరవలేదు.

పొద్దు వాలేవేళకు అందరూ పోయాక, ధనమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "నువ్వు తాగకుంటే నేను ఎవరి కోసం నూరాలె?" అంది. బతిమాలినట్టు కూడా అనలేదు, ఓపిక లేనట్టు అంది. కాసేపటికి గిద్యోను ఎడమచెయ్యి చాచి గ్లాసు తీసుకున్నాడు. సగం ఒలకపోసుకుంటూ తానే తాగాడు. ఆమె వైపు చూడలేదు.

ఆనాటి నుంచి రోజూ తాగాడు. రోజూ ఆమె వైపు చూడకుండానే తాగాడు. రోలు మోగితే ఇప్పుడు ఆయన గోడ వైపు తిరుగుతాడు.

షారోన్ పసిదాన్ని తీసుకొని వచ్చింది. తాత వచ్చి పెడతాడని పిల్లకు ఇంకా పేరే లేదు. చర్చిలో పిల్లకు పేరు పెట్టి దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన దగ్గర పడింది. పిల్లను ఆయన ఎడమచేతి మడతలో పెట్టారు. గిద్యోను తల వంచి, పసిదాని చెవి దగ్గర నోరు పెట్టాడు. ముఖం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి. "అ... అ..." అనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే. షారోన్ చూడలేక ముఖం తిప్పుకుంది.

ధనమ్మ దగ్గరికి జరిగింది. "నేను దాచింది నీకు తెలిసిపాయె. నువ్వు దాచింది నాకెట్ల తెలవాలె?" అంది. గిద్యోను ఆమె ముఖంలోకి చూశాడు. ఇంటికి వచ్చాక చూడడం అదే మొదలు. ఆ చూపులో కోపం లేదు. ఆ పేరు లోపల ఎక్కడో ఉంది, ఆయనకు తెలుసు, తీయలేడు. ఆమె మీద కోపం పెట్టుకునే తీరిక కూడా లేనంత బాధ ఆ చూపులో ఉంది.

కృప బైబిలు తెచ్చి ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదవసాగింది. రూతు. తల అడ్డంగా ఊగింది. హన్నా. కాదు. నయోమి, ఎస్తేరు, తబిత. కాదు, కాదు, కాదు. బైబిల్లోదే కాకపోవచ్చు కదా అని షారోన్ తనకు తోచినవన్నీ చెప్పింది. నాయనమ్మ పేరు చెప్పారు, చనిపోయిన మేనత్త పేరు చెప్పారు. పసిది ఆకలికి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. షారోన్ కళ్ళ కింద నల్లటి చారలు. గిద్యోను ఏడుస్తున్న మనవరాలిని చూశాడు, అలిసిపోయిన కూతురిని చూశాడు.

"జెమీమా," అంది కృప.

గిద్యోను తల నిలువుగా ఊపాడు.

ఇల్లంతా ఒక్కసారి స్తోత్రం అన్నది. షారోన్ నవ్వుతూ ఏడుస్తూ పిల్లను గుండెకు హత్తుకొని జెమీమా జెమీమా అని పిలిచింది. పాస్టరుకు ఫోను చేసి చెప్పడానికి కృప బయటికి పరుగెత్తింది.

నిజంగా ఒప్పుకున్నప్పుడు గిద్యోను తల ఎట్లా ఊపుతాడో, మాట తెగ్గొట్టడానికి ఎట్లా ఊపుతాడో ఇన్నేళ్ళు కాపురం చేసిన ధనమ్మకు తెలుసు. అది ఆ పేరు కాదు. అది ఏ పేరో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆమె ఆయన పక్కన కూర్చొని, కదలని కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఆయన తీసేయమన్నట్టు చూడలేదు. బయట అందరూ ఆ పేరే పెట్టి పిలుస్తుంటే ధనమ్మ వింటూ కూర్చుంది. ఈసారి కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు.